విహారనౌక – అభయము



నేటి నా ప్రసంగమునకు విషయము విహారనౌక. వ్యాపారమునకు గాక, యుద్ధమునకు గాక, పొట్టకూటికై దేశాంతరము పోవుటకు గాక, కేవలము వినోదార్థము సముద్రముమీద కొన్నాళ్లు తిరిగి వచ్చు ప్రయాణమును నేడు లోకము ‘క్రూజు’ అని పిలుచుచున్నది. ఈ మాట ఇప్పుడు మన పల్లెలలోనికిని వచ్చినది. విదేశములలో ఉద్యోగములు చేయు బిడ్డలు తల్లిదండ్రులను ఇట్టి ప్రయాణములకు తోడ్కొని పోవుచున్నారు. మన విశాఖపట్టణపు రేవునకు 2022వ సంవత్సరమున ఇట్టి ఓడ వచ్చి ప్రయాణికులను ఎక్కించుకొని పోయినది. 2023లో అచ్చట విహారనౌకలకై ప్రత్యేకముగ ఒక కట్టడము ప్రారంభింపబడినది. కావున ఏ ఓడ ఎక్కవలెను, దేనిని చూచి ఎన్నుకొనవలెను అను ప్రశ్న ఇకమీదట మన రచ్చబండలయొద్దను వినబడును.

ఈ ప్రశ్నకు ఓడకంపెనీవారు అచ్చువేయు రంగుల పుస్తకము ఒక సమాధానము చెప్పును. గదులు ఎంత విశాలములో, భోజనములు ఎన్ని రకములో, పాటకచేరీలు ఎన్నియో అందు కనబడును. నేను పిల్లలకు చరిత్ర చెప్పి బ్రతికినవాడను గనుక చరిత్ర చెప్పు సమాధానమును మీకు విన్నవించెదను. అది ఒక్కమాటలో ఇది: భోగము ఓడకు పైపూత, అభయము దాని అడుగుచెక్క. పైపూతను అమ్మువారే వచ్చి చూపుదురు. అడుగుచెక్కను మాత్రము ఎక్కువాడే అడిగి చూచుకొనవలెను.

మన పూర్వులు సముద్రమును ఎరుగనివారు కారు. మనుధర్మశాస్త్రము తృతీయాధ్యాయమున, సముద్రయానము చేసినవానిని శ్రాద్ధమునకు పిలువరాదనినది. ఆ గ్రంథమే అష్టమాధ్యాయమున, దేశకాలములు ఎరిగిన సముద్రయాన కుశలులు నిర్ణయించిన వడ్డియే ప్రమాణమనినది. ఒకచోట వెలి, మరియొకచోట గౌరవము. నిషేధమున్న కాలముననే సముద్రవ్యాపారమును సాగుచుండెనని దీనివలన తెలియుచున్నది. సముద్రమునందలి అపాయమును లెక్కగట్టి వెల నిర్ణయించువారును ఉండిరని తెలియుచున్నది.

భోజరాజు పేర నిలిచిన యుక్తికల్పతరువను సంస్కృత గ్రంథములో ఓడలను వాని గదులనుబట్టి మూడు విధములుగ విభజించిరి. ఈ కొననుండి ఆ కొనవరకు గదులున్న ఓడ సర్వమందిర. అది రాజధనమును, గుర్రములను, అంతఃపురస్త్రీలను చేరవేయుటకు. నడుమ మాత్రమే గదులున్నది మధ్యమందిర. అది రాజుల విలాసయాత్రలకును వర్షకాలమునకును తగినది. ముందువైపున గదులున్నది అగ్రమందిర. అది వానలు వెడలిన పిమ్మట దూరప్రయాణమునకును యుద్ధమునకును పనికివచ్చునది. గది ఎక్కడనున్నది, కాలమేది అను రెండు ప్రశ్నలును ఆ గ్రంథకర్తకు తెలిసియుండెను. నేటికిని ఓడను ఎన్నుకొనువాడు మొదట అడుగవలసినవి ఆ రెండే. వానిని గూర్చి కడపట చెప్పెదను.

ఇక అభయమను మాటను నేను అలంకారముగ వాడలేదు. బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45 ప్రాంతమున వేయించిన శాసనస్తంభము కలదు. దానిని అభయశాసనమనియే వ్యవహరింతురు. అంతకు ముందటి రాజులు, తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతయు బలాత్కారముగ లాగుకొనుచుండిరి. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, నియమిత సుంకము తప్ప తక్కినదంతయు ఓడవారికే విడిచెను. ధనముకొరకు ప్రాణమునకైన తెగించి సముద్రము దాటివచ్చువారియందు దయతోను, కీర్తికొరకును ధర్మముకొరకును ఇట్లు చేసితినని ఆయన అందు చెప్పుకొనెను. ఓడవారి కష్టమును రాజు తన బొక్కసమునకు లాభముగ మార్చుకొనరాదని దీని తాత్పర్యము. విహారనౌకల చరిత్రనంతయు ఈ శాసనమును ముందుంచుకొని చదువవలెను. ఓడలోనివారికి అభయమెవరిచ్చిరి? ఎందరు మునిగిన పిమ్మట ఇచ్చిరి?

ఆవిరియంత్రము రాకముందు ఓడ గాలికి లోబడియుండెను. ఫలానా తేదీన బయలుదేరి ఫలానా తేదీన చేరుదుమని చెప్పుట తెరచాపకు సాధ్యము కాదు. తేదీ చెప్పలేని ప్రయాణమును వినోదమునకై ఎవరును కొనరు. ఆవిరియోడ ఆ కొరతను తీర్చెను. ఇంగ్లాండులో 1837లో పుట్టి, 1840లో రాజపత్రము పొందిన పి అండ్ ఓ అను కంపెనీ తపాలా మోయుటకు ఏర్పడినది. తపాలాకు తేదీలు తప్పరాదు. ఆ తేదీలనే కంపెనీవారు వినోదయాత్రికులకును అమ్మజూపిరి. 1844లో థాకరే అను ఆంగ్ల రచయితకు ఉచితముగ చోటిచ్చి మధ్యధరా సముద్రముమీదుగ కైరో నగరమువరకు త్రిప్పిరి. ఆయన 1846లో ఆ యాత్రను పుస్తకముగ వెలువరించెను. ఉచితముగ ఎక్కి వచ్చినవాని మెప్పును ఎంతవరకు నమ్మవలెనో చదువరులే తేల్చుకొనవలెను. ఆ పద్ధతి నేటికిని పోలేదు. ఉచితముగ త్రిప్పించుకొని ఫోనులలో బొమ్మలు చూపి పొగడువారు నేడు అనేకులు కలరు.

అమెరికాలో 1867 జూను నెలలో న్యూయార్కు రేవునుండి క్వేకరు సిటీ అను ఓడ యూరపునకును క్రైస్తవుల పుణ్యభూమికిని బయలుదేరెను. మార్కు ట్వెయిను అను రచయిత అందు పోయి, 1869లో ఇన్నోసెంట్సు అబ్రాడ్ అను గ్రంథమును ప్రకటించెను. ఆ యాత్రకు ముందు పంచిన ప్రకటన పత్రము ఆయన గ్రంథములోనే కలదు. పెద్దవారికి టిక్కెట్టు 1,250 డాలర్లు. రేవులలో దిగి తిరుగుటకు రోజునకు 5 డాలర్ల బంగారు నాణెములు వేరుగ ఉంచుకొనవలెను. ఓడలో వైద్యుడుండును, పుస్తకములుండును, వాద్యములుండును. వీనికి మించిన వింత యొకటి కలదు. డబ్బున్నంత మాత్రమున ఎక్కనీయరు. దరఖాస్తులను పరిశీలించి, తగినవారా కారా అని తేల్చుటకొక సంఘముండెను. నాడు ఓడ ప్రయాణికుని ఎన్నుకొనెను. నేడు ప్రయాణికుడు ఓడను ఎన్నుకొనుచున్నాడు. అయినను ఆ పత్రమునుండి ఒక సంగతి గ్రహింపవచ్చును. టిక్కెట్టు ధర యొకటి, అయ్యెడి ఖర్చు మరియొకటి. నాటి ప్రకటన ఈ రెండింటిని ప్రక్కప్రక్కనే చెప్పినది.

అటుపిమ్మట కథ జర్మనీ దేశములోని హాంబర్గు రేవునకు పోవును. అచ్చట 1857లో ఆల్బర్టు బాలిన్ పుట్టెను. ఆయన తండ్రి అమెరికాకు వలసపోవు బీదలకు ఓడలలో చోటు కుదుర్చు వ్యాపారి. బాలిన్ ఆ వ్యాపారములోనే పెరిగి 1886లో హాంబర్గు–అమెరికా ఓడకంపెనీలో చేరెను. ఆ కంపెనీవారి అగస్టా విక్టోరియా అను ఓడ అట్లాంటికు మహాసముద్రమును వేగముగ దాటునది. కాని చలికాలమున ఆ సముద్రము అల్లకల్లోలముగ నుండును, ప్రయాణికులు తగ్గుదురు. ఓడ రేవులో ఊరక పడియున్నను జీతములు తప్పవు, మరమ్మతులు తప్పవు. మన రైతునకు ఇది క్రొత్త సంగతి కాదు. దున్నకము లేని నెలలలోను ఎడ్లకు మేత వేయవలెను గదా!

బాలిన్ ఆ ఓడను 1891 జనవరి 22వ తేదీన 241 మంది ప్రయాణికులతో మధ్యధరా సముద్రమునకు విహారార్థము పంపెను. తానును భార్యతో అందు ఎక్కెను. ఓడ రెండు నెలలు తిరిగి క్షేమముగ వచ్చెను. నాటినుండి చలికాలపు విహారము ఆ కంపెనీకి వార్షిక వ్యాపారమైనది. కావున నేటి విహారనౌకకు మూలము రాజుల విలాసము కాదు, ఖాళీగా పడియున్న ఓడకు మేత సంపాదించు ఉపాయము. ఈ పుట్టుకను మరువకుండుడు. ధర ఎందుకు తగ్గినదో, ఎందుకు పెరిగినదో దీనివలన తెలియును.

1900లో బాలిన్ కంపెనీవారు విహారమునకే యని ప్రత్యేకముగ ప్రిన్సెస్సిన్ విక్టోరియా లూయిసె అను ఓడను నీటిలోనికి దింపిరి. అందు 120 గదులు, అన్నియు మొదటి తరగతివే. సరకు లేదు, తపాలా లేదు, వలసకూలీలు లేరు. ఆ ఓడ 1906 డిసెంబరు 16వ తేదీ రాత్రి జమైకా దీవియొద్ద తీరపురాళ్లకు తగిలి నిలిచిపోయెను. ప్రయాణికులందరు క్షేమముగ దిగిరి. కప్తాను తన గదిలోనికి పోయి తుపాకితో కాల్చుకొని మరణించెను. ఎంత భోగముతో కట్టినను దారి తప్పిన ఓడకు రాళ్లు దారి ఇయ్యవు.

ఇది పైయంతస్తు కథ. క్రిందియంతస్తు కథ వేరు. బాలిన్ కంపెనీకి మిక్కిలి ఆదాయము తెచ్చినవారు మొదటి తరగతి ధనికులు మాత్రమే కారు. ఓడ అడుగుభాగమున వరుసగ పేర్చిన బల్లలమీద పండుకొని పోయిన వేలకొలది వలసబీదలవలనను ఆ కంపెనీ బలిసినది. అదే శతాబ్దమున మన తీరమునుండియు ఓడలు పోవుచుండెను. కాకినాడ దగ్గరి కోరంగి రేవునుండి పోయిన తెలుగువారికి మారిషసు దీవిలో కోరంగివారని పేరు వచ్చినది. 1860 అక్టోబరులో మద్రాసు రేవునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ, నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని దర్బను రేవునకు సుమారు 340 మంది ఒప్పందపు కూలీలను చేర్చెను. అందు తెలుగువారును ఉండిరి. విశాఖపట్టణము, కాకినాడలనుండి రంగూనునకు పోయిన మనవారు అనేకులు డెక్కు ప్రయాణికులు. ఆకాశము క్రింద చాప పరచినంత చోటే వారి గది.

పైయంతస్తును నడపినవారిలోను మనవారుండిరి. పి అండ్ ఓ ఓడలలో కొలిమికి బొగ్గు వేసినవారును, డెక్కు కడిగినవారును పెక్కుమంది భారతీయులు. తెల్లవారు వారిని లాస్కరులనిరి, మనవారు కళాసులనిరి. వారి మేస్త్రీ సరంగు. ఒకే పనికి తెల్ల నావికునికి వచ్చు జీతములో కొంతభాగమే కళాసికి ముట్టెడిది. భోజనశాలలో దీపములు వెలిగినంతసేపును కొలిమి యొద్ద ఎవరో ఒకరు చెమటలో తడియుచునే యుండిరి.

ఈ రెండు అంతస్తుల కథయు ఒక్క రాత్రిలో కలిసిపోయినది. 1912 ఏప్రిలులో టైటానిక్ మొదటి ప్రయాణమునందే మంచుకొండకు తగిలి మునిగెను. ఓడలో సుమారు 2,200 మంది ఉండగా, ప్రాణరక్షక పడవలలో 1,178 మందికే చోటుండెను. సుమారు 1,500 మంది మరణించిరి. ఇందులో చట్టమునకు విరుద్ధమేమియు లేదు. ఇంగ్లాండు ప్రభుత్వమువారి 1894 నాటి నిబంధన ఓడ పరిమాణమునుబట్టి పడవల లెక్క చెప్పినది. పదివేల టన్నుల పరిమాణమునకు పైబడిన ఓడలన్నిటికిని ఒకటే లెక్క. టైటానిక్ పరిమాణము 46,000 టన్నులకు పైగా నుండెను. నిబంధన కోరినదానికంటె ఎక్కువ పడవలనే ఆ ఓడ మోసెను. ఓడలు పెరిగినవి, చట్టము పెరుగలేదు. మొదటి తరగతివారిలో సగముకంటె ఎక్కువమంది బ్రతికిరి, మూడవ తరగతివారిలో సుమారు నాల్గింట ఒకవంతు మాత్రమే బ్రతికిరి.

1914లో దేశములు లండను నగరమున కూడి, ఓడలోని ప్రతివానికిని పడవలో చోటుండవలెనని ఒడంబడిక వ్రాసికొనిరి. మోటుపల్లి స్తంభమువలె ఇదియు అభయశాసనమే. గణపతిదేవుని శాసనము ఓడవారి సరకును కాపాడినది, ఇది ప్రాణములను కాపాడబూనినది. వ్రాసినది మాత్రము వేయిన్ని ఐదువందలమంది పోయిన పిమ్మట.

తరువాత అమెరికా ప్రభుత్వము 1921లోను, 1924లోను చట్టములు చేసి వలసకు తలుపులు మూసెను. క్రిందియంతస్తులు ఖాళీ అయినవి. కంపెనీవారు ఆ అంతస్తులనే కడిగి, రంగు వేసి, ఉపాధ్యాయులకును విద్యార్థులకును ‘టూరిస్టు తరగతి’ యని తక్కువ ధరకు అమ్మిరి. 1922 నవంబరులో కునార్డు కంపెనీవారి లకోనియా న్యూయార్కునుండి బయలుదేరి 130 దినములలో భూగోళమును చుట్టివచ్చెను. అమెరికాలో 1920నుండి 1933వరకు మద్యనిషేధము అమలులో నుండగా, కేవలము త్రాగుటకై ఎక్కి ఏ రేవును చూడకయే తిరిగివచ్చిన ఓడయాత్రలును ఉండెను. మునుపటివలెనే ఖాళీ చోటు నిండవలెను. ఏమి ఆశ చూపి నింపుదురన్నది కాలమునుబట్టి మారినది.

1958లో జెట్టు విమానములు అట్లాంటికును దాటి ప్రయాణికులను మోయ మొదలిడెను. ఒక ఊరినుండి మరియొక ఊరికి చేర్చు వాహనముగ ఓడకు కాలము చెల్లెను. అప్పుడు అమెరికాలోని మయామి రేవున క్రొత్త వ్యాపారము లేచినది. 1966 డిసెంబరులో టెడ్ ఆరిసన్, క్నూట్ క్లోస్టర్ అను ఇరువురు కలిసి సన్‌వార్డు అను ఓడను కరిబియను దీవులకు విహారముగ నడిపిరి. తరువాత ఆరిసన్ వేరుపడి 1972లో కార్నివాల్ కంపెనీని పెట్టెను. ఆయన మొదటి ఓడ మార్డీ గ్రా, మొదటి విహారములోనే మయామి యొద్ద ఇసుకమేటకు తగిలి నిలిచిపోయెను. అది అట్లాంటికును దాటుటకై కట్టిన పాత ఓడ. నూనె ఖర్చు తగ్గించుటకు దానిని నెమ్మదిగ నడుపవలసివచ్చెను. నెమ్మదిగ పోవు ఓడలో ప్రయాణికులకు విసుగు పుట్టకుండ ఆటలు, పాటలు, జూదపుబల్లలు ఏర్పరచిరి. చేరవలసిన ఊరు వెనుకబడి, ఓడయే ఊరైనది. 1977నుండి 1986వరకు అమెరికా టెలివిజనులో సాగిన లవ్ బోటు అను కథామాలిక ఈ వినోదమును ఇంటింటికి పరిచయము చేసెను.

ఆ ఊరు నేడు ఎంత పెద్దదైనదో చూడుడు. 2024 జనవరిలో మొదటి ప్రయాణము చేసిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అను ఓడ పరిమాణము 248,663 టన్నులు. ఈ టన్నులు బరువు కావు, ఓడ లోపలి చోటును లెక్కించు కొలత. అది టైటానిక్‌నకు అయిదు రెట్లకు పైబడినది. నిండుగ నింపినచో 7,600 మంది ప్రయాణికులు, వారికి తోడు రెండువేలకు పైబడిన సేవకవర్గము. మన మండలములలో ఒక పెద్ద గ్రామమునకు సరిపోవు జనాభా అది.

గ్రామమునకు సర్పంచి యున్నాడు, పోలీసుఠాణా యున్నది, కోర్టున్నది. సముద్రమధ్యమున నున్న ఓడ ఏ ప్రభుత్వము క్రిందనున్నది? ఏ దేశపు జెండా ఎగురవేసెనో ఆ దేశపు చట్టము క్రిందనున్నది. పెద్ద విహారనౌకలలో అనేకము అమెరికాలోనే ప్రయాణికులను ఎక్కించుకొనుచున్నను, బహామా, పనామా వంటి చిన్న దేశములలో నమోదైనవి. పన్నులు తక్కువ, కూలిచట్టములు సులువు. ఇది రహస్యము కాదు, ఓడ వెనుకభాగమున రేవుపేరు వ్రాసియే యుండును.

ఇక వివాదము వచ్చినచో ఏ కోర్టునకు పోవలెను? దీనికి 1991లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము చెప్పిన తీర్పు స్మరింపదగినది. ఆ దేశపు వాయవ్యమూలనున్న వాషింగ్టను రాష్ట్రమునుండి ఒక దంపతులు కార్నివాల్ ఓడ ఎక్కిరి. ఓడలో కాలుజారి పడి భార్యకు గాయము తగిలెను. వారు తమ రాష్ట్రమున దావా వేసిరి. టిక్కెట్టుమీద అచ్చువేసిన షరతులలో, దావాలన్నియు ఫ్లోరిడా రాష్ట్రపు కోర్టులలోనే వేయవలెనని యున్నది. ఆ షరతు చెల్లునని న్యాయస్థానము తీర్పు చెప్పెను. దేశము ఆ మూలనున్నవారు ఈ మూలకు పోవలసినదే. టిక్కెట్టు కొనుటయే ఒప్పందపత్రముపై చేవ్రాలు చేయుట యని దీనివలన గ్రహింపుడు.

ఒడంబడికలున్నను అభయము తనంత తాను అమలుకాదు. 2012 జనవరి 13వ తేదీ రాత్రి ఇటలీ దేశమున కోస్టా కాంకార్డియా అను విహారనౌక జిల్యో దీవికి మిక్కిలి చేరువగ పోయి రాతికి తగిలి ఒరిగిపోయెను. ఓడలో 4,200 మందికి పైగా నుండిరి, 32 మంది మరణించిరి. పడవలకు కొరతలేదు. కాని ఆ సాయంకాలమే ఎక్కినవారికి, ప్రమాదము వచ్చినచో ఎక్కడ నిలువవలెనో చూపు కసరత్తు ఇంకను జరుగలేదు. ఎక్కిన 24 గంటలలో జరిపిన చాలునని నాటి నిబంధన. ఓడ ఒరిగినది అంతకుముందే. ఆ పిమ్మట నిబంధన మార్చిరి. 2015 జనవరినుండి ఆ కసరత్తు ఓడ బయలుదేరకముందే గాని, బయలుదేరిన వెంటనే గాని జరుపవలెను. కప్తానుకు పదునారేండ్ల కారాగారశిక్ష పడినది.

2020 ఫిబ్రవరిలో జపాను దేశపు యొకొహామా రేవున డైమండు ప్రిన్సెస్ అను ఓడ కరోనా వ్యాధివలన నిలిపివేయబడెను. అందు 3,711 మంది ఉండగా, ఏడువందలకు పైగా వ్యాధి సోకెను. ప్రయాణికులను గదులలో నుంచి తలుపులు మూసిరి. కిటికీలేని గదులవారిని వంతులవారీగ పైకి తెచ్చి గాలి తగులనిచ్చిరి. సేవకులు మాత్రము ఇరుకుగదులను పంచుకొనుచు, ఆ మూసిన తలుపులయొద్దకు మూడుపూటల అన్నము మోయుచునే యుండిరి. ఆ సేవకులలో మన దేశపువారు నూరుమందికి పైగా నుండిరి. నూరేండ్ల క్రిందటి కళాసి కథ ముగిసినదని ఎవరనగలరు?

అభయమును గూర్చి చెప్పుటకు దూరదేశములకు పోనక్కరలేదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన మన గోదావరిమీద, వరద పొంగులో, పాపికొండల విహారమునకు బయలుదేరిన లాంచీ దేవీపట్నము మండలము కచ్చులూరు యొద్ద మునిగెను. డెబ్బదిమందికి పైగా ఎక్కగా, బ్రతికి బయటపడినవారు 26 మంది. కచ్చులూరు గ్రామస్థులు తమ పడవలు వేసికొనిపోయి చేతనైనంతవరకు కాపాడిరి. ఆదివారమునాడు సంతోషముగ తిరిగివత్తమని పోయినవారే వారందరును. విహారమను మాట నీటి స్వభావమును మార్చదు.

ఇంత చెప్పిన పిమ్మట, ఎన్నుకొనువాడు అడుగవలసిన ప్రశ్నలు వరుసగ చెప్పెదను.

మొదటిది కాలము. ధర తక్కువయన్నచో ఏల తక్కువయో విచారింపుడు. కరిబియను సముద్రమున జూనునుండి నవంబరువరకు తుపానుల ఋతువు. మన బంగాళాఖాతమున అక్టోబరునుండి డిసెంబరువరకు వాయుగుండములు మెండు. బాలిన్ ఓడవలె, గిరాకి లేని కాలమున చౌకగ అమ్ముట వ్యాపారధర్మము. ఆ కాలమును కొనుట మంచిదా కాదా యని తేల్చుట కొనువాని పని.

రెండవది గది. పిల్లల తూగుడుబల్ల కొనలు ఎగిరిపడినను నడుమభాగము కదలదు. ఓడయు అట్టిదే. నడిమిభాగమున, క్రిందియంతస్తులలో నున్న గదికి ఊపు తక్కువ. పైన, కొనలయందున్న గదికి చూపు ఎక్కువ, ఊపును ఎక్కువే. తల తిరుగువారికి మధ్యమందిరమే మేలు. కిటికీలేని గది చౌక. వారముదినములు వెలుగుచూడని గదిలో నిద్రింపగలమా యని పెద్దలు ముందే ఆలోచించుకొనవలెను. మోకాళ్ల నొప్పులవారు లిఫ్టునకు గది ఎంత దూరమో అడుగవలెను.

మూడవది ఖర్చు. టిక్కెట్టు ధరలో గది, సాధారణ భోజనము చేరును. సేవకుల బహుమానము చాల ఓడలలో రోజునకింతయని లెక్కలో కలుపుదురు. పానీయములు, రేవులలో ఊరు చూపించుట, ఫోను సౌకర్యము తరచుగ వేరు. క్వేకరు సిటీ వారివలె రెండు లెక్కలును ఒకే కాగితముమీద వ్రాసి చూచుకొనుడు. శాకాహారము సంగతి టిక్కెట్టు కొనకముందే వ్రాతమూలకముగ అడుగుడు.

నాలుగవది షరతులు. ప్రయాణము రద్దయినచో సొమ్ము ఎంత తిరిగివచ్చును? వివాదము ఏ దేశపు కోర్టులో? ఓడలోని వైద్యుని ఫీజు సాధారణముగ వేరుగ చెల్లింపవలెను. నడిసముద్రమున గుండెనొప్పి వచ్చి ఆసుపత్రికి చేర్పవలసివచ్చినచో ఆ వ్యయము లక్షలకు ఎక్కును. దానిని భరించు భీమా వయసుమీరిన మనబోంట్లకు టిక్కెట్టుకంటె ముఖ్యము.

అయిదవది అభయము. ఎక్కిన దినముననే కసరత్తునకు పిలుతురు. అలసితిమని గదిలో పండుకొనవలదు. మన పడవ ఏది, గదినుండి అచ్చటికి మెట్లమీదుగ దారి ఏది, రక్షకకవచము ఎక్కడనున్నదను మూడు సంగతులను ఒకసారి నడచి చూచుకొనుడు. రోజువారి మందులు చేతిసంచిలోనే ఉంచుకొనుడు.

ఆరవది క్రిందియంతస్తు. ఓడలో పనిచేయువారి హక్కులకై 2006లో వ్రాయబడిన అంతర్జాతీయ ఒడంబడిక 2013లో అమలులోనికి వచ్చినది. ఇరువదినాలుగు గంటలలో కనీసము పది గంటలు, వారమునకు 77 గంటలు విశ్రాంతి ఇయ్యవలెనని అందున్నది. అనగా దినమునకు పదునాలుగు గంటలు పని చేయించుటకు వీలున్నదన్నమాట. మీకు పళ్లెము అందించు పిల్లవాడు మన జిల్లావాడే కావచ్చును. ఊరు పేరు అడుగుడు, ఎన్నినెలలైనది ఇంటికిపోయి యని అడుగుడు. ఆ ఓడ ఎట్టిదో రంగుల పుస్తకము చెప్పనిది అతని సమాధానము చెప్పును.

సముద్రయానము చేయవలదని నేను చెప్పుటలేదు. కలివర్జ్యమని తలుపు మూసినవారి వాదము ఏనాడో వీగిపోయినది. డెక్కుమీద చాప పరచుకొని రంగూను పోయినవారి మనుమలు నేడు సొంత సొమ్ముతో కిటికీగది కొనుచున్నారనిన, అది సంతోషింపదగిన సంగతియే. పోవుడు, చూడుడు, మనుమలతో కలిసి సూర్యోదయము తిలకింపుడు. అయితే గణపతిదేవుడు తన అభయశాసనమును రాతిమీద, అందరు చూచునట్లు చెక్కించెను. నేటి శాసనము టిక్కెట్టు వెంబడి చీమతలలంత అక్షరములలో నుండును. కళ్లద్దములు పెట్టుకొని దానిని చదువుడు. ఇంగ్లీషు రానిచో, టిక్కెట్టు కొన్న బిడ్డచేతనే పంక్తి పంక్తికి అర్థము చెప్పించుకొనుడు. సొమ్ము చెల్లించుటకు ముందే చెప్పించుకొనుడు.